రెండు మాటలు, ఒకే గడువు: పాలడిన్‌కు ధర్మసంకటం తయారు చేసే పద్ధతి

"అన్నా, మా టేబుల్లో ఒకడు పాలడిన్ తీసుకున్నాడు. వాణ్ణి ఎట్టా ఇరికించాలో చెప్పు."

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట) కొత్తగా నడుపుతున్న కుర్రాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పాలడిన్ అంటే ఒక ప్రతిజ్ఞ చేసి, దాని బలంతో శక్తులు పొందే యోధుడి పాత్ర. ఇరికించడానికి నా సలహా అక్కర్లేదు. ఏ దారి పట్టినా పాపమే అయ్యేట్టు ఒక సన్నివేశం రాస్తే చాలు, వాడు ఇరుక్కుంటాడు, పై ఆదివారం ఆటకు రాడు. కష్టమంతా ఇంకోచోట ఉంది. ఎంచుకున్న దారికి ఖరీదుండాలి, ఆ ఖరీదు ముందే కనపడాలి, అది కట్టాక కూడా ఆ పాత్ర తలెత్తుకు తిరగగలగాలి.

నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే. పాలడిన్ తన నోటితో, తన ఇష్టంతో రెండు చోట్ల మాట ఇచ్చి ఉండాలి. ఆ రెండు బాకీలూ ఒకే రోజు గడువుకు వచ్చేట్టు చూడటం వరకే డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాడు) పని.

కింద చెప్పేదంతా డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్, 2014 పుస్తకం రూల్స్ ప్రకారం. 2024 పుస్తకంలో లే ఆన్ హ్యాండ్స్, డివైన్ సెన్స్ లాంటి పాలడిన్ శక్తులు కొంత మారాయి. అది వాడేవాళ్ళు 4వ అంచె దగ్గర తమ పుస్తకం తెరిచి పెట్టుకోండి.

1. ముందు ఆటగాడితో మాట్లాడుకోండి

సెషన్ జీరో రోజు (అసలు ఆట మొదలవకముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే రోజు) పాలడిన్ ఆడేవాణ్ణి కాసేపు పక్కకు తీసుకెళ్ళండి. టీ కొట్టు దగ్గరైనా పర్లేదు. ఇవి అడగండి:

- నీకు ధర్మసంకటాలు కావాలా, మెరిసే కత్తితో దయ్యాల్ని నరకడమే కావాలా?
- ప్రతిజ్ఞ తప్పితే శక్తులు పోవడం నీకు సమ్మతమేనా? పోతే ఎన్నాళ్ళు?
- మిగతావాళ్ళు అబద్ధమాడితే, దొంగతనం చేస్తే నీ పాత్ర ఏం చేస్తుంది?
- ఏ విషయం టేబుల్ మీదికి అస్సలు రాకూడదు?

మొదటి ప్రశ్నకు "నరకడమే" అని జవాబొస్తే ఈ వ్యాసం పక్కన పెట్టేయండి. వారమంతా ఆఫీసులో సంకటాలు పడి వచ్చినవాడికి ఆదివారం కూడా అవే వడ్డించక్కర్లేదు.

రెండో ప్రశ్న తప్పకుండా అడగాలి. ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కో ఎడిషన్ మాటలు విని వస్తారు. 1978 నాటి పుస్తకంలో పాలడిన్ తెలిసి ఒక్క చెడ్డపని చేస్తే ఆ హోదా శాశ్వతంగా పోయేది. 2014 రూల్స్‌లో అంత కఠినం లేదు. మీ టేబుల్ ఏది పాటిస్తుందో ముందే తేల్చకపోతే, తేల్చాల్సిన రోజు గొడవే.

నాలుగో ప్రశ్న అందరికీ వేయండి. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. ఒక అట్టముక్క మీద ఇంటూ గుర్తు గీసి టేబుల్ మధ్యలో పెడతారు. ఎవరైనా దాన్ని తాకితే ఆ సన్నివేశం అక్కడితో ఆపి ముందుకు పోవాలి, కారణం అడగకూడదు.

ఇక మన ఊళ్ళ టేబుళ్ళకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. నిజం దేవుళ్ళనీ, నిజం గుడినీ దర్గానీ చర్చినీ ఆటలోకి తేవద్దు. కులాల పేర్లు అసలే వద్దు. అన్ని ఇళ్ళ పిల్లలూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే ఆట ఇది. దేవుణ్ణి కల్పించుకోండి. నా ఉదాహరణలో దేవత పేరు దివ్వెతల్లి.

2. ప్రతిజ్ఞని ఆటగాడి చేత రాయించండి, వరస పెట్టించండి

5వ ఎడిషన్ పాలడిన్ 3వ లెవెల్లో (పాత్ర ఎదిగే మెట్లలో మూడోది) ప్రతిజ్ఞ తీసుకుంటాడు. ఎక్కువమంది ఎంచుకునే ఓత్ ఆఫ్ డివోషన్‌లో నియమాలు ఐదు: నిజాయితీ, ధైర్యం, కరుణ, గౌరవం, బాధ్యత. పుస్తకంలో చదివి తలూపడం చాలదు. ఒక కాగితం ఇచ్చి, ఐదింటినీ వాడి సొంత తెలుగులో రాయమనండి. "నా మాట నమ్మినవాడు నష్టపోకూడదు" అని రాసినవాడికి, "అబద్ధం చెప్పను" అని రాసినవాడికి పెట్టాల్సిన పరీక్షలు వేరు.

రాశాక, ఒకటి నుంచి ఐదు దాకా ముఖ్యమైన వరసలో పెట్టమనండి. ఈ ఆలోచన నాది కాదు. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఆట రెండో ఎడిషన్‌లో, పాలడిన్ లాంటి ఛాంపియన్ పాత్ర నియమాలన్నీ ప్రాముఖ్యం వరసలోనే ఉంటాయి. రెండు నియమాలు ఢీకొంటే పైదాన్ని పాటించాలి, కిందిది తప్పినా పతనం లేదు. ఆ పద్ధతిని ఇక్కడికి అరువు తెచ్చుకోవచ్చు.

ఈ వరస మీ చేతికి వచ్చాక అసలు కీలకం దొరుకుతుంది. ఒకటోదాన్నీ ఐదోదాన్నీ ఢీకొట్టిస్తే సంకటం పుట్టదు, ఆటగాడు క్షణంలో తేల్చేస్తాడు. పక్కపక్కనున్న రెండింటిని, ముఖ్యంగా రెండునూ మూడునూ ఢీకొట్టించండి. వరస రాసేటప్పుడు ఏ రెండింటి దగ్గర పెన్ను ఆగిందో గమనించండి. పని అక్కడే ఉంది.

బాధ్యత నియమంలో ఇంకో తలుపుంది. న్యాయమైన అధికారం ఉన్నవాళ్ళ మాట వినాలని దాని భావం. న్యాయమైన అధికారం ఏదో ఎవరు తేల్చాలి? ఆటగాణ్ణే తేల్చనివ్వండి. మీరు మాత్రం నోరు విప్పొద్దు.

3. సంకటాన్ని కట్టండి

నమూనా కోసం దూరం పోనక్కర్లేదు. 13వ శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధి బీళ్ళలోకి, కరువుకు తాళలేక కాటమరాజు పశువుల మందలు తోలుకొచ్చాడని కథ. మేపుకున్నందుకు పుల్లరి కట్టాలన్నది ఒప్పందం. అది చెడింది, పోరు జరిగింది, రాజు తరఫున వెళ్ళిన ఖడ్గ తిక్కన అందులో ప్రాణం విడిచాడు. ఇందులో రాక్షసుడు లేడు. పన్ను అడిగే హక్కు ఒకడిది, పశువుల్ని బతికించుకోవాల్సిన అవసరం ఇంకొకడిది. మధ్యలో కత్తి పట్టినవాడు ఒకడు.

కాటమరాజును ఇప్పటికీ కొలిచేవాళ్ళున్నారు కాబట్టి పేర్లూ మనుషులూ మార్చి, కథ ఎముకలు మాత్రం తీసుకుందాం. మన ఉదాహరణ ఇది:

రాజ్యంలో నల్లచెరువు కట్ట బీటలు తీసింది. కింద ఆరు ఊళ్ళున్నాయి. మట్టిపని కూలీలకు ఇవ్వడానికి ఖజానాలో డబ్బు లేదు. కొండ మందల వాళ్ళు మూడొందల పశువులతో వచ్చి మేపుకుంటున్నారు, పుల్లరి బాకీ పడ్డారు. నలభై కోడెదూడల్ని తోలుకు రమ్మని రాజు పాలడిన్‌కు ఆజ్ఞ ఇచ్చాడు. ఆ దూడలు పోతే మంద తేరుకోదు. అంతకుముందే మందల పెద్ద పేరమ్మకు పాలడిన్ మాట ఇచ్చి ఉన్నాడు: "మీ మందను ఎవరూ తాకకుండా నేను చూసుకుంటా."

ఇందులో ప్రాణమంతా ఆ చివరి వాక్యం. అది ఆటగాడు తనంతట తాను అనుండాలి. రెండు మూడు సెషన్ల ముందు ఒక తేలికపాటి సన్నివేశం పెట్టండి. ఎండలో నడిచొచ్చిన బృందానికి పేరమ్మ మజ్జిగ ఇస్తుంది. మాటల్లో అడుగుతుంది, "అయ్యా, మాకు ఈ సీమలో దిక్కెవరు?" పాలడిన్ ఆడేవాడు ఇక్కడ ఊరుకోలేడు. ఏదో ఒక మాట ఇస్తాడు. ఏ మాట ఇచ్చాడో అక్షరం పొల్లుపోకుండా నోట్‌బుక్కులో రాసుకోండి. "ప్రయత్నిస్తా" అన్నాడా, "చూసుకుంటా" అన్నాడా అనేది తర్వాత పెద్ద తేడా చేస్తుంది. ఒకవేళ మాటే ఇవ్వకపోతే ఈ సంకటం కట్టొద్దు. ఇవ్వని మాటకు గడువు ఉండదు.

రాజు వైపు బాకీ కూడా అట్లాగే పడాలి. కొలువులో చేరిన రోజు, గుర్రం పుచ్చుకున్న రోజు, ఏదో ఒకటి ఆటలో జరిగుండాలి. "నీ నేపథ్య కథలో నువ్వు రాజు ఉప్పు తిన్నావు" అని మీరు చెబితే ఆటగాడికి ఆ ఉప్పు రుచి తెలియదు.

కట్టాక ఒక పరీక్ష చేయండి. అన్ని నిజాలూ అందరికీ తెలిసిపోతే ఈ సంకటం మిగులుతుందా? మిగలకపోతే అది సంకటం కాదు, అపరాధ పరిశోధన. కరణం పన్ను సొమ్ము మింగాడని బయటపడగానే కథ తేలిపోయేట్టుంటే, పాలడిన్‌కు ధర్మంతో పనిలేదు, కరణం మెడ దొరికితే చాలు. మన ఉదాహరణలో కరణం కూడా నిజాయితీపరుడే. ఖజానా నిజంగానే ఖాళీ.

4. మంత్రాలతో తట్టి చూడండి

కొత్త డీఎంలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ. రాత్రంతా కూర్చుని రాసిన సంకటాన్ని ఆటగాడు ఒక్క మంత్రంతో ఊదేస్తాడు. సెషన్‌కు ముందే పాలడిన్ షీట్ (పాత్ర శక్తులు రాసిన కాగితం), పార్టీలో (ఆటగాళ్ళ బృందంలో) మిగతావాళ్ళ షీట్లు దగ్గర పెట్టుకుని వీటిని చూడండి:

- లే ఆన్ హ్యాండ్స్. చేత్తో తాకి నయం చేసే శక్తి. లెవెల్‌ను ఐదుతో గుణిస్తే వచ్చేన్ని పాయింట్లు. ఐదు పాయింట్లకు ఒక రోగం గానీ ఒక విషం గానీ పోతుంది. 5వ లెవెల్ పాలడిన్ దగ్గర 25 పాయింట్లుంటాయి, అంటే ఐదుగురు రోగులు. "ఒకే మందు, ఇద్దరు పిల్లలు" రకం సంకటం అక్కడికక్కడే చస్తుంది.
- జోన్ ఆఫ్ ట్రూత్. పాలడిన్‌కు 5వ లెవెల్ నుంచి దొరుకుతుంది. పది నిమిషాలు, పదిహేను అడుగుల వ్యాసార్థం. లోపలున్నవాడు సేవ్ (మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) తప్పితే తెలిసి అబద్ధం చెప్పలేడు, జవాబు దాటవేయొచ్చు. సేవ్ తప్పాడో లేదో మంత్రం వేసినవాడికి తెలిసిపోతుంది. ఎవరిది అబద్ధమో తేల్చడం మీద నిలబడ్డ సంకటాలు దీని ముందు నిలవవు.
- డివైన్ సెన్స్. ఇది అరవై అడుగుల లోపల దేవతాగణాన్నీ, నరక జీవుల్నీ, చచ్చి లేచినవాటినీ, పవిత్రమో అపవిత్రమో చేసిన చోట్లనూ వస్తువుల్నీ మాత్రమే పసిగడుతుంది. మనిషి మంచివాడో చెడ్డవాడో చెప్పదు. పాత ఎడిషన్ అలవాటుతో "వాడు చెడ్డవాడా?" అని అడిగే ఆటగాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి.
- క్రియేట్ ఫుడ్ అండ్ వాటర్. పార్టీలో క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి పాత్ర) ఉంటే 5వ లెవెల్ నుంచే దొరుకుతుంది. పదిహేనుమందికి గానీ ఐదు గుర్రాలకు గానీ ఒక రోజుకు సరిపోతుంది. మూడొందల పశువుల మంద ముందు అది చాలదు, కాబట్టి మన ఉదాహరణ నిలుస్తుంది.
- రెవివిఫై. అదే క్లెరిక్‌కు 5వ లెవెల్లో వస్తుంది. చనిపోయిన నిమిషం లోపల వేస్తే ప్రాణం తిరిగొస్తుంది. కాబట్టి ఒకరి చావునే ఖరీదుగా పెట్టుకుంటే అది నిలవకపోవచ్చు.
- మోల్డ్ ఎర్త్. విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) దగ్గరుంటే చూసుకోండి. ఐదడుగుల ఘనం కొలతలో వదులు మట్టిని చిటికెలో తవ్వి కదిలిస్తుంది. మా టేబుల్లో విజార్డ్ ఉంటే కట్ట దగ్గర మకాం పెట్టేవాడు!

మంత్రం మీ సంకటాన్ని తేలిక చేస్తే ఏడవకండి, అడ్డుపుల్లలు వేయకండి. విజార్డ్ మట్టి పోస్తే పొయ్యనివ్వండి. కొంత కట్ట నిలుస్తుంది, నలభై దూడల లెక్క ఇరవైకి దిగుతుంది. ఇరవై దూడలన్నా సంకటమే.

5. రెండు వైపులా మొహాలు పెట్టండి

"ఆరు ఊళ్ళు" అంటే ఎవరికీ ఏమీ కాదు. కట్ట కింద మొదటి ఇంట్లో కూతురి పురుడు కోసం ఎదురుచూసే ఒక ముసలాయన అంటే అవుతుంది. రెండు వైపులా ఇద్దరిద్దరు మనుషులు చాలు, అంతకు మించితే ఆటగాళ్ళకు పేర్లు గుర్తుండవు. ఒక్కొక్కరికీ మూడు ముక్కలు రాసుకోండి: పాలడిన్ నుంచి ఏం కావాలి, అది దక్కకపోతే ఏం చేస్తారు, పాలడిన్‌కు అంతకుముందు ఏం మేలు చేశారు.

ఇద్దరిలో ఎవర్నీ దుర్మార్గుడిగా చూపించొద్దు. రాజును తాగుబోతును చేశారో, పేరమ్మను అబద్ధాలకోరును చేశారో, జవాబు మీరే చెప్పేసినట్టు.

ఒత్తిడి ఎట్లా తేవాలో ఖడ్గ తిక్కన కథే చెబుతుంది. యుద్ధం నుంచి వెనుదిరిగి ఇంటికొచ్చినప్పుడు ఇల్లాలు స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచిందని, తల్లి విరిగిన పాలు పోసిందని చెప్పుకుంటారు. ఆకాశవాణి పలకలేదు. ఇంట్లోవాళ్ళు పెట్టిన రెండు వస్తువులు చాలాయి, ఆయన మళ్ళీ యుద్ధానికి పోయాడు. మీ ఆటలోనూ దివ్వెతల్లిని కలలోకి దించి ఉపన్యాసం ఇప్పించకండి. పేరమ్మ ఈసారి మజ్జిగ ఇవ్వకుండా ఖాళీ ముంత బోర్లించి పెడితే, పాలడిన్ ఆడేవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

6. తలుపులు, ఖరీదులు, గడియారం

కనీసం మూడు తలుపులు ముందే రాసుకోండి. ప్రతి తలుపుకూ దొరికేది ఒకటి, పోయేది ఒకటి.

*దూడల్ని తోలుకెళ్తే:* కట్ట నిలుస్తుంది. పేరమ్మకిచ్చిన మాట పోతుంది. మందల వాళ్ళు ఇక దివ్వెతల్లి గుర్తు వేసుకున్న ఎవర్నీ తమ గుడారాల వైపు రానివ్వరు. కొండ దారి చూపించేవాళ్ళు ఉండరు.

*ఆజ్ఞను కాదంటే:* మంద బతుకుతుంది. కొలువు పోతుంది. కట్ట పని ఆగుతుంది కాబట్టి కింద ఊళ్ళను ఖాళీ చేయించే భారం పాలడిన్ మీదే పడుతుంది. ఎంతమంది బయటపడతారన్నది తర్వాతి సెషన్.

*తానే పూచీ పడితే:* గుర్రం, కవచం, తన వాటా బంగారం కుదువపెట్టి దూడల విలువ తాను కడతాడు. ఇద్దరికీ ఇచ్చిన మాట నిలుస్తుంది. కానీ పార్టీ వెళ్ళాల్సిన యాత్ర వెనక్కి పోతుంది, దానికి మిగతావాళ్ళు ఒప్పుకోవాలి.

మూడో తలుపును చాలామంది డీఎంలు దాచేస్తారు, "తేలిగ్గా తప్పించుకుంటాడు" అని భయం. దాచొద్దు. తన ఒంటిమీదున్నది ఊడదీసి ఇచ్చే పాలడిన్‌ను చూడాలనే కదా మనం ఆట ఆడేది. ఆటగాడు నాలుగో తలుపు తనే కనిపెడితే దాన్నీ ఒప్పుకోండి. అయితే దానికీ పక్కనే ఒక ఖరీదు రాయండి.

గడియారం లేకపోతే ఆటగాళ్ళు చర్చతోనే పొద్దుపుచ్చుతారు. మన వైపు అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో వాయుగుండం ఎప్పుడు లేస్తుందో తెలీదు. అదే మీ గడియారం. ఆటలో నాలుగు రోజులు. మొదటి రోజు గాలి మారుతుంది, రెండో రోజు జాలర్లు పడవలు ఒడ్డుకు లాగేస్తారు, మూడో రోజు కట్ట మీద నీటి చెమ్మ కనపడుతుంది, నాలుగో రోజు వాన. ఏ రోజు ఏం జరుగుతుందో టేబుల్ మీద అందరికీ కనపడేట్టు కాగితం మీద రాసి పెట్టండి.

సెషన్‌కు ముందు రోజు సరిచూసుకోండి:

- పాలడిన్ ఇచ్చిన రెండు మాటలూ, వాడు అన్న పదాల్లోనే, రాసి ఉన్నాయా?
- నిజాలన్నీ తెలిసినా సంకటం నిలుస్తుందా?
- పార్టీ మంత్రాలతో తట్టి చూశానా?
- ప్రతి తలుపుకూ దొరికేదీ పోయేదీ రాశానా?
- మిగతా ప్రతి ఆటగాడికీ ఇందులో ఒక లంకె ఉందా?
- ఏ తలుపు తీసినా వచ్చే వారం ఆట నడుస్తుందా?

చివరి గడి ఖాళీగా ఉంటే ఆట వాయిదా వేయండి, మొహమాటపడొద్దు.

7. ఆట రోజు, ఈ వరసలో

*మొదట:* గతం చెప్పేటప్పుడు రెండు మాటల్నీ పైకి చదవండి. "ఆ రోజు పేరమ్మతో నువ్వన్నది ఇది. కొలువులో రాజుతో అన్నది ఇది." వ్యాఖ్యానం వద్దు.

*తర్వాత:* ఖరీదులు డీఎం గొంతుతోనే చెప్పేయండి. దాచిపెట్టి తర్వాత బయటపెడితే దాన్ని వంచనగానే గుర్తుపెట్టుకుంటారు. తన దీక్ష గురించి పాలడిన్‌కు తెలిసినంత ఆ ఆటగాడికీ తెలిసుండాలి. "దీనివల్ల నీ ప్రతిజ్ఞకు దెబ్బ తగలొచ్చు" అని హెచ్చరించాకే ముందుకు పోండి.

*మూడోది:* మిగతావాళ్ళను ముందు మాట్లాడించండి. మందలోని కుర్రాడు రోగ్‌కు (దొంగ తరహా పాత్రకు) పాత నేస్తం కావొచ్చు. క్లెరిక్‌దీ దివ్వెతల్లి దీక్షే కావొచ్చు, కానీ దాన్ని వేరేగా అర్థం చేసుకుని ఉండొచ్చు. రేంజర్‌కు (అడవులు తెలిసిన వేటగాడి పాత్రకు) వేరే బీడు ఎక్కడుందో తెలిసుండొచ్చు. పాలడిన్ చివర్న మాట్లాడాలి. ముందే మాట్లాడితే మిగతావాళ్ళు ఫోన్లు తీస్తారు.

*నాలుగోది:* ఫోన్లో పది నిమిషాల టైమర్ పెట్టండి. మోగాక నిర్ణయం పాత్ర నోటితో, "నేను" అంటూ రావాలి.

ఇక్కడ ఒకడు తప్పకుండా అడుగుతాడు: "అన్నా, ఇన్‌సైట్ రోల్ వేస్తా, ఏది ధర్మమో చెప్పన్నా." ఇన్‌సైట్ అంటే ఎదుటివాడి మనసు పసిగట్టడానికి వేసే పాచిక. ఇక్కడ వేయనివ్వొద్దు. రాజు నిజంగా భయపడుతున్నాడా అన్నది డైస్ చెప్పొచ్చు. ఏది చెయ్యాలన్నది డైస్ చెప్పదు. నిర్ణయం అయ్యాక ఆ పనిని నెరవేర్చడానికి మాత్రం ఎన్ని రోల్స్ అయినా వేయించండి.

*ఐదోది:* నిర్ణయం కాగానే ముందు మంచి ఫలితం చూపించండి, ఖరీదు తర్వాత. దూడల్ని తోలాడా? కట్ట మీద పలుగులు ఆడటం, ముసలాయన కూతురు బిడ్డను కనడం ముందు చెప్పండి. పేరమ్మ మంద కొండెక్కి పోవడం ఆ తర్వాత. వరస తిరగేస్తే ఆటగాడికి ఎంచుకున్నందుకు శిక్ష పడినట్టు ఉంటుంది. అట్లాంటివాడు మళ్ళీ ఎప్పుడూ ఏదీ ఎంచుకోడు, అన్నింటికీ కత్తే దూస్తాడు.

*ఆఖరున:* టీ విరామం. వెంటనే తలుపు బద్దలుకొట్టే యుద్ధం పెట్టకండి.

8. మాట తప్పితే ఏం చేయాలి

రెండు నియమాల మధ్య నలిగి, ఒకటి పాటించి ఒకటి వదిలిన పాలడిన్‌కు శక్తులు తీసేయొద్దు. నేను ఎప్పుడూ తీయను. ఖరీదు మనుషుల దగ్గర కట్టాడు, దేవత దగ్గర రెండోసారి కట్టక్కర్లేదు.

ఒత్తిడి లేకుండా, స్వార్థానికి మాట తప్పితే సంగతి వేరు. 2014 పుస్తకం చెప్పే దారి సౌమ్యమైనదే. తన మతానికే చెందిన క్లెరిక్ దగ్గర గానీ, తన సంఘంలోని ఇంకో పాలడిన్ దగ్గర గానీ తప్పు ఒప్పుకుని, రాత్రంతా ప్రార్థనలో జాగారం గానీ ఉపవాసం గానీ చేసి, క్షమాపణ పొందాక మళ్ళీ మొదలుపెడతాడు. కావాలని తప్పి, పశ్చాత్తాపమే లేనివాడికి మాత్రం డీఎం పాత్ర తరగతి (క్లాస్) మార్చమనొచ్చు, లేదా ఓత్‌బ్రేకర్ (ప్రతిజ్ఞ విరిచిన పాలడిన్) దారి చూపొచ్చు. అది కూడా సెషన్ జీరోలో ఒప్పుకుని ఉంటేనే.

ఉపవాసం, జాగారం టేబుల్ మీద రెండు వాక్యాల్లో అయిపోతాయి, చూడ్డానికేమీ ఉండదు. అందుకని ప్రాయశ్చిత్తంలో ఎవరికో ఏదో అందేట్టు పెడతాను. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ లెక్క మీకు తెలుసు: కోరుకుని రొట్టె తీసుకున్నవాడు, అది తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తాడు. పండుగను ఆటలోకి దించమని కాదు, ఆ లెక్కను అరువు తీసుకోండి. పేరమ్మ మాట తప్పిన పాలడిన్, తర్వాత ఎదురైన దిక్కులేనివాళ్ళకు ఆ మాట నిలబెట్టాలి. అలా నిలబెట్టే దాకా దివ్వెతల్లి గుర్తు మసకగా ఉంటుంది, శక్తులు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. ఆటగాడికి చెయ్యాల్సిన పని దొరుకుతుంది, మీకు పై రెండు సెషన్లకు కథ దొరుకుతుంది.

9. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

లొంగిపోయిన గోబ్లిన్. నేలమాళిగ మధ్యలో ఒక గోబ్లిన్ (ఆటలో తరచూ ఎదురయ్యే పొట్టి రాక్షస జాతి) చేతులెత్తేస్తుంది. చంపితే పాపం, వదిలితే పోయి హెచ్చరిస్తుంది, మోసుకుపోతే ఆట నడవదు. ఇది సంకటం కాదు, ఏర్పాటు లేకపోవడం. ఖైదీలను అప్పగించడానికి పైన ఊరి రచ్చబండ దగ్గర ఒక ఖైదుకొట్టు ఉందని మొదటే చెప్పేయండి. ఆ ఊరివాళ్ళు ఖైదీని ఏం చేస్తారన్నది కావాలంటే అసలు సంకటం అవుతుంది.

పాలడిన్ పోలీసయిపోవడం. రోగ్ ఖైదీని హింసిస్తాడు, పాలడిన్ అడ్డుపడతాడు, ఆట ఆగి ఇద్దరు ఆటగాళ్ళు నిజంగానే కొట్టుకునేదాకా వస్తుంది. ప్రతిజ్ఞ కట్టేది పాలడిన్ చేతుల్నే, పక్కవాడి చేతుల్ని కాదని మొదటిరోజే ఒప్పించండి. అయినా పాలడిన్ కళ్ళముందు హింసించనని రోగ్ కూడా మాట ఇవ్వాలి. ఇది పాత్రల మధ్య తేలేది కాదు, మనుషుల మధ్య తేలాలి. ఆట ఆపి అసలు పేర్లతో పిలిచి మాట్లాడండి.

"నా పాత్ర అంతే అన్నా." ప్రతిజ్ఞ పేరు చెప్పి అందరి ఆటా తన చుట్టూ తిప్పుకునేవాడు. వాడికి సంకటం ఇచ్చేకొద్దీ ఇంకా రెచ్చిపోతాడు. కొన్ని సెషన్లు పాలడిన్‌కు ఏ పరీక్షా పెట్టకుండా మిగతావాళ్ళ కథలు నడపండి.

రెండు సెకన్లలో జవాబు. అంటే ఒక వైపు తూకం తగ్గింది. తగ్గిన వైపు మనిషి పాలడిన్‌కు చేసిన మేలు ఏదో ఆటలో కనపడలేదన్నమాట. మళ్ళీ 5వ అంచెకు పోండి.

అరగంటైనా తేలకపోవడం. గడియారం ఒక మెట్టు జరపండి, గాలి పెరిగిందని చెప్పండి. ఇంకా తేలకపోతే ఆటగాణ్ణి ఒక్కటే అడగండి: "రేపు పొద్దున ఎవరి మొహం చూడలేవు?"

ప్రతి వారం ఒక సంకటం. వద్దు. నాలుగైదు సెషన్లకు ఒకటి చాలు. మధ్యలో పాలడిన్ మంచి పని చేసి, దానికి మంచే జరిగే రోజులు కూడా ఉండాలి.

10. మిగతా ప్రతిజ్ఞలకు పనికొచ్చే జతలు

*ఓత్ ఆఫ్ వెంజెన్స్:* పగబట్టిన శత్రువుకు క్షమ లేదన్నది ఒక నియమం, వాడి వల్ల నష్టపోయినవాళ్ళను ఆదుకోవాలన్నది ఇంకోటి. ఇప్పుడు ఆ శత్రువే, తాను కాల్చిన ఊళ్ళోనే, రోజూ వందమందికి గంజి పోస్తున్నాడు. వాడు లేకపోతే పొయ్యి వెలగదు.

*ఓత్ ఆఫ్ ది ఏన్షియంట్స్:* ఆశ వెలిగించడం ఒకటి, పచ్చగా ఉన్నచోటు బీడు కాకుండా కాపాడటం ఇంకోటి. తుఫానుకు అన్నీ పోయిన జాలర్లు ఉప్పునీళ్ళ గుంటలు తవ్వుకుని రొయ్యలు పెంచి నిలదొక్కుకుంటున్నారు. పక్కనే వరి మళ్ళు చవుడు దేలుతున్నాయి. మన తీరం మీద పుట్టినవాడికి దీన్ని వివరించక్కర్లేదు.

*ఓత్ ఆఫ్ రిడెంప్షన్:* మార్పుకు సమయం పడుతుందన్న ఓర్పు ఒకవైపు, ఇక మారడని ఒప్పుకోవాల్సిన రోజు వస్తుందన్న వివేకం ఇంకోవైపు. రెండుసార్లు క్షమించిన దారిదోపిడీగాడు మూడోసారి దొరికాడు. ఈసారి వాడి వెంట పదేళ్ళ కొడుకున్నాడు, తండ్రి పట్టిన కత్తే వాడి చేతిలోనూ ఉంది.

*ఓత్ ఆఫ్ ది క్రౌన్:* చట్టమూ, ఇచ్చిన మాటా. చనిపోయే రాణి తన చిన్నకూతుర్ని కాపాడమని మాట తీసుకుంది. చట్టం ప్రకారం గద్దె పెద్దవాడిది. అతను మంచి పాలకుడే, చెల్లెల్ని దూరంగా కోటలో ఉంచితే చాలంటున్నాడు. ఆ పిల్లకు మాత్రం పాలడిన్ గుర్రం వెనక కూర్చుని పారిపోవాలనుంది.